ఆదుకోబోయిన వారే ఆపదలో పడితే?

మేళ్లచెరువు: పాతబావిలో పూడిక తీయడానికి దిగిన మనిషి ఊపిరాడక కుప్పకూలితే పైనున్నవాడు ఆగగలడా? తాడు పట్టుకొని తానూ దిగుతాడు. అతని కోసం మూడోవాడు దిగుతాడు. ఇలా ఒకే బావిలో రెండు మూడు ప్రాణాలు పోవడం పల్లెల్లో విన్న సంగతే. విషవాయువు ముందు గుండెధైర్యం ఒక్కటే చాలదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఈ సంగతి మరోమారు రుజువైంది. ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద కమ్ముకున్నది. 12 మంది మరణించారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. ముందుగా చేరిన పోలీసులు ఆ గాలిలో కొద్ది నిమిషాలకు మించి నిలవలేకపోయారు. జనాన్ని బయటకు తెస్తూ వారిలోనూ కొందరు అస్వస్థులయ్యారు. తర్వాత జాతీయ విపత్తు స్పందన దళం వారు శ్వాస పరికరాలతో వచ్చి ఇల్లిల్లూ వెదికారు. ప్రత్యేక నిపుణులు పూణె నుంచి విమానంలో రావలసి వచ్చింది.

జపానులోనూ ఇంతే. 1995 మార్చిలో టోక్యో భూగర్భ రైళ్లలో దుండగులు సారిన్ విషం వదిలినప్పుడు, సాయానికి వెళ్లిన 1,364 మంది అగ్నిమాపక సిబ్బందిలో 135 మందికి ఆ విషం సోకింది. రోగుల బట్టలకు అంటిన విషం ఆసుపత్రిలో వైద్యులను, నర్సులను కూడా బాధించింది.

ఇది ఎక్కడో జరిగిన ముచ్చట అని మనం ఊరుకోరాదు. కోదాడ మీదుగా పోయే హైదరాబాదు–విజయవాడ రహదారి మనకు దగ్గరే. రసాయనాల ట్యాంకరు బోల్తాపడితే మొదట పరుగెత్తేది పక్క చేలలోని రైతులు, హోటలు వారు, దారినపోయే లారీ డ్రైవర్లే. నిపుణులు వచ్చేది ఆ తర్వాతనే.

కనుక కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. గాలి ఎటునుంచి వీస్తున్నదో ఆ వైపుకు, వీలైతే మెరక మీదికి పోవాలి. స్టైరీన్, క్లోరిన్ వంటివి గాలికంటే బరువు, పల్లంలో నిలుస్తాయి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని లోపలికి పోవడం ప్రమాదం. ట్యాంకరు మీది పలకపై రసాయనం పేరు, నెంబరు ఉంటాయి. దూరం నుంచి కనిపిస్తే 112కు గాని, 101కి గాని ఫోనుచేసి అవి చెప్పాలి. బయటపడిన వారి తడిసిన బట్టలు తీసివేసి, ఒంటిని నీళ్లతో బాగా కడగాలి. ఏ రసాయనం తగిలిందో 108 సిబ్బందికి ముందే తెలపాలి.

పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి, రహదారి పక్క గ్రామాల యువకులకు అధికారులు ఈ విషయంలో శిక్షణ ఇప్పించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. సాయం చేయబోయిన మనిషి క్షేమంగా ఉంటేనే మరొకరి ప్రాణం నిలుస్తుంది.