తడికి ఊడని అతుకు ఎలా?

నూజివీడు రసాలు వేసవి దాటితే దొరకవు. మామిడి రసం అట్టపెట్టెలు మాత్రం ఏడాది పొడవునా దొరుకుతాయి. ఖాళీ పెట్టెను కత్తిరించి చూడండి: అట్టకూ లోపలి ప్లాస్టిక్‌కూ మధ్య తళతళలాడే అల్యూమినియం పొర ఉంటుంది. మందం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. వెలుతురునూ ఆక్సిజన్‌నూ అడ్డుకునేది అదే.

పుల్లని రసం పక్కనే ఉన్నా అది ఎందుకు ఊడిరాదు?

గాలి తగలగానే అల్యూమినియంపై సన్నని ఆక్సైడ్ పొర కడుతుంది. జిగురు పట్టుకునేది నిజానికి దాన్నే. తేమ మెల్లగా దూరితే ఆ ఆక్సైడ్ నీటిని కలుపుకుని, హైడ్రాక్సైడ్‌గా మారి, బలహీనపడి లోహాన్ని వదిలేస్తుంది. జిగురు చెక్కుచెదరదు, దాని కింద పట్టు పోతుంది!

1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానం పైకప్పులో పెద్ద భాగం ఆకాశంలోనే ఎగిరిపోయింది. సిబ్బందిలో ఒకరు ప్రాణం కోల్పోయారు. అల్యూమినియం రేకుల మధ్య విడిపోయిన జిగురు అతుకులు, తుప్పు, లోహపు అలసట కలిసి తెచ్చిన ఘోరమది.

అందుకే అతికించే ముందే రేకును సిద్ధం చేయాలి. ఫాస్ఫారిక్ ఆమ్లంలో ముంచి కరెంటు పంపితే సూక్ష్మ రంధ్రాలున్న కొత్త ఆక్సైడ్ పెరుగుతుంది. జిగురు ఆ రంధ్రాల్లోకి దిగి బిగుస్తుంది, ఫాస్ఫేట్ తేమను ఎదిరిస్తుంది. సిలేన్ పూత మరో దారి: దాని అణువులో ఒక కొన ఆక్సైడ్‌తో, రెండో కొన జిగురుతో కలుస్తుంది. రసం పెట్టెల్లో ఇలాంటి పనిని ఆమ్ల గుణమున్న ప్రత్యేక ప్లాస్టిక్ పొర చేస్తుంది.