ఆసుపత్రి ట్రస్టీ ముందుకు మైక్ వస్తే.. మొదటి మాట ఎవరికి చెప్పాలి?

రాత్రి పదకొండు గంటలు. చందాలతో నడిచే ఒక ట్రస్టు ఆసుపత్రిలో కాన్పుకు వచ్చిన మహిళ చనిపోయింది. అరగంటలో గేటు దగ్గర బంధువులు, బస్తీ జనం గుమిగూడారు. ఒక యూట్యూబ్ ఛానెల్ కుర్రాడు మైక్ పట్టుకుని లైవ్ మొదలుపెట్టాడు. డాక్టర్లు లోపల ఉన్నారు. ఇంట్లో ఉన్న ట్రస్టీ ఫోన్ మాత్రం ఆగకుండా మోగుతోంది. "సాబ్, మీ ఆసుపత్రిలో తప్పు జరిగిందంట కదా, ఏమంటారు?"

ఇది ఊహించి చెప్పిన సంఘటనే. కానీ ట్రస్టు ఆసుపత్రుల కమిటీల్లో ఉన్న ఎవరికైనా ఇలాంటి రాత్రి రావచ్చు. ట్రస్టీలు సాధారణంగా డాక్టర్లు కారు. ఒకరు బట్టల వ్యాపారి, ఒకరు వకీలు, ఇంకొకరు రిటైర్డ్ టీచరు. కేసు షీటు వాళ్లు చూసి ఉండరు. అయినా బస్తీలో అందరికీ తెలిసిన ముఖం వాళ్లదే. మస్జిద్ మెట్ల మీద ఒక మాట అన్నా, "కమిటీ సాబే చెప్పారు" అని తెల్లారేసరికి ఊరంతా పాకుతుంది. అందుకే ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు, ముందు ఎవరితో మాట్లాడాలి అన్నది ట్రస్టీలు ముందుగానే తెలుసుకుని ఉండాలి.

మైక్ కంటే ముందు కుటుంబం

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒక్కటే. ఆసుపత్రి నుంచి వచ్చే మొదటి మాట బాధిత కుటుంబానికి చేరాలి, కెమెరాకు కాదు. తమ బిడ్డ ఎలా పోయిందో టీవీ చూసి తెలుసుకోవాల్సిన పరిస్థితి ఏ తల్లిదండ్రులకూ రాకూడదు.

కుటుంబాన్ని గేటు దగ్గర నిలబెట్టకుండా ఒక గదిలో కూర్చోబెట్టాలి. చికిత్స చేసిన డాక్టరు, కమిటీ నుంచి ఒక పెద్దమనిషి ఇద్దరూ వెళ్లాలి. ఇప్పటివరకు తెలిసింది చెప్పాలి. తెలియనిది "ఇంకా తెలియదు, ఫలానా రోజుకు చెబుతాం" అనాలి. ఎవరికి ఫోన్ చేయాలో ఒక పేరు, ఒక నంబరు ఇవ్వాలి. కేసు షీటు అడిగితే తిప్పించుకోకూడదు. రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్నవారు గానీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. రికార్డు ఇవ్వకుండా దాటేస్తే, తప్పు జరగకపోయినా ఏదో దాస్తున్నారనే అనుమానం మొదలవుతుంది.

స్టాఫోర్డ్ నేర్పిన పాఠం

బోర్డు వినడం మానేస్తే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని స్టాఫోర్డ్ ఆసుపత్రి చూపించింది. అది ప్రభుత్వ ఆసుపత్రి. అక్కడి బోర్డుల్లో కూడా మన ట్రస్టీల్లాగే డాక్టర్లు కాని బయటి సభ్యులు ఉంటారు. 2005 నుంచి 2009 వరకు ఆ ఆసుపత్రిలో రోగులకు దారుణమైన నిర్లక్ష్యం ఎదురైంది. మంచినీళ్లు అందక, మురికి దుప్పట్ల మీదే గంటల తరబడి పడి ఉన్నవాళ్లు ఉన్నారు. ఎమర్జెన్సీకి వచ్చిన రోగుల్లో ఎవరిని ముందు చూడాలో రిసెప్షన్ సిబ్బంది తేల్చిన సందర్భాలూ ఉన్నాయి. కుటుంబాలు ఫిర్యాదులు చేస్తూనే ఉన్నాయి. బోర్డు దృష్టి మాత్రం ఖర్చు తగ్గించడం మీద, టార్గెట్ల మీద, ఆసుపత్రికి మెరుగైన హోదా తెచ్చుకోవడం మీద ఉండిపోయింది.

2007లో అదే ఆసుపత్రిలో తల్లిని పోగొట్టుకున్న జూలీ బెయిలీ అనే మహిళ ఊళ్లో ఒక చిన్న కెఫే నడిపేవారు. తనలాంటి కుటుంబాలను ఆమె కూడగట్టారు. ఆసుపత్రి తలుపు మూసుకుంటే వాళ్లు పత్రికల తలుపు తట్టారు. చివరికి బహిరంగ విచారణ జరిగింది. న్యాయవాది రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013 ఫిబ్రవరి 6న ఇచ్చిన నివేదికలో 290 సిఫారసులు ఉన్నాయి. రోగుల మాట, సిబ్బంది మాట బోర్డు సరిగా వినలేదని అందులో తేల్చి చెప్పారు.

ఆ తర్వాత 2014లో అక్కడ ఒక చట్టబద్ధమైన బాధ్యత వచ్చింది. చికిత్సలో తీవ్రమైన హాని జరిగితే ఆసుపత్రే ముందుకొచ్చి రోగికి లేదా కుటుంబానికి ఉన్నదున్నట్టు చెప్పాలి, క్షమాపణ చెప్పాలి, తర్వాత రాతపూర్వకంగా కూడా ఇవ్వాలి. క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదని అక్కడి 2006 చట్టం ఒకటి అంతకు ముందే స్పష్టం చేసింది.

నిజం చెబితే కేసులు మీద పడతాయన్న భయం చాలామందికి ఉంటుంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రుల అనుభవం వేరుగా ఉంది. 2001 నుంచి అక్కడ తప్పు జరిగితే తామే చెప్పి, పరిహారం ఇచ్చే పద్ధతి మొదలుపెట్టారు. 2010లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, ప్రతి లక్ష చికిత్స సందర్భాలకు నెలకు 2.13గా ఉన్న కోర్టు కేసులు 0.75కు తగ్గాయి. తగ్గుదలకు ఇదొక్కటే కారణమని చెప్పలేం. కానీ నిజం చెప్పడం వల్ల కేసులు పెరగలేదన్నది మాత్రం స్పష్టం.

నోరు జారకూడని చోట్లు

నిజం చెప్పాలంటే రోగి విషయాలన్నీ బయట పెట్టాలని కాదు. "ఆమెకు ముందు నుంచే ఫలానా జబ్బు ఉంది" అని ఆసుపత్రిని కాపాడుకోవడానికి ట్రస్టీ అనే ఒక్క మాట ఆ కుటుంబం పరువు తీయవచ్చు. వృత్తిలో తెలిసిన రోగి రహస్యాలను డాక్టర్లు బయటపెట్టకూడదని 2002 నిబంధనలే చెబుతున్నాయి. కోర్టు ఆదేశం లాంటి కొద్ది సందర్భాలకే మినహాయింపు. ఆ నిబంధన డాక్టర్లకు పెట్టిందే అయినా, అదే రహస్యం ట్రస్టీ నోట వస్తే రోగికి జరిగే నష్టం తక్కువేం కాదు.

కొన్ని విషయాల్లో చట్టం ఇంకా గట్టిగా ఉంది. మానసిక చికిత్స పొందుతున్నవారి ఫొటో గానీ, సమాచారం గానీ వారి సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. హెచ్‌ఐవీ ఉన్నవారి గోప్యతను అదే ఏడాది వచ్చిన మరో చట్టం కాపాడుతోంది. లైంగిక దాడికి గురైన పిల్లల విషయంలో పోక్సో చట్టం ప్రకారం పేరు, ఫొటోతో పాటు ఇల్లు, బడి, బస్తీ వివరాలు కూడా మీడియాలో రాకూడదు. "ఫలానా గల్లీ పిల్ల" అన్నా పోల్చుకోవడానికి సరిపోతుంది.

డాక్టరు తప్పు చేశాడని గానీ, చేయలేదని గానీ ఆ రాత్రే తేల్చేయడం ట్రస్టీ పని కాదు. డాక్టరుపై క్రిమినల్ చర్యకు ముందు, దర్యాప్తు అధికారి ఆ విభాగం తెలిసిన స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులకే అంత జాగ్రత్త అవసరమైనప్పుడు, కేసు షీటు చూడని ట్రస్టీకి ఇంకెంత ఉండాలి?

ఒకే గొంతు, రెండు భాషలు

పదిమంది ట్రస్టీలు పది రకాలుగా మాట్లాడితే అబద్ధం లేకపోయినా అబద్ధంలాగే వినిపిస్తుంది. మీడియాతో ఎవరు మాట్లాడాలో, ఆ మనిషి ఊళ్లో లేకపోతే బదులు ఎవరో కమిటీ ముందే తీర్మానం చేసుకోవాలి. మిగతావాళ్లు "మా తరఫున ఫలానావారు మాట్లాడతారు" అని నంబరు ఇస్తే చాలు. వాట్సాప్ గ్రూపుల్లో సొంత వివరణలు, వాయిస్ మెసేజ్‌లు పెట్టకూడదు. గ్రూపులో పెట్టింది గంటలో టీవీలో వస్తుంది.

ప్రకటన చిన్నదిగా ఉండాలి. ఉదాహరణకు: "ఈ రాత్రి మా ఆసుపత్రిలో ఒక మహిళ మరణించారు. ఆ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి. ముందుగా వారితోనే మాట్లాడాం. ఏం జరిగిందో తెలుసుకోవడానికి బయటి వైద్యుడితో విచారణ చేయిస్తాం. ఫలితం మొదట కుటుంబానికి, తర్వాత ప్రజలకు చెబుతాం. రోగి వివరాలు మేం బయటపెట్టం."

మాట ఇచ్చాక తప్పకూడదు. విచారణకు రెండు వారాలు అన్నప్పుడు, రెండు వారాలకు పూర్తి కాకపోయినా "ఇంకా నడుస్తోంది" అని తామే చెప్పాలి.

ఉర్దూ, తెలుగు ప్రకటనలు రెండూ ఒకే మాట చెబుతున్నాయో లేదో కూడా చూసుకోవాలి. ఉర్దూలో "అఫ్సోస్" అంటే విచారం, "మాఫీ" అంటే క్షమాపణ. ఒక భాషలో మాఫీ అడిగి, ఇంకో భాషలో విచారంతో సరిపెడితే, ఏది నిజమని జనం నిలదీస్తారు.

మామూలు రోజుల్లోనే పునాది

కష్టం వచ్చిన రాత్రి నమ్మకం పుట్టదు. అది మామూలు రోజుల్లో కూడబెట్టుకోవాలి. ఏడాది జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెట్టాలి. జకాత్ సొమ్ము ఎంత వచ్చిందో, ఎంతమంది పేద రోగుల మీద ఖర్చయిందో విడిగా చూపాలి. ఫిర్యాదుల పెట్టెను నెలకోసారి ట్రస్టీల ముందే తెరవాలి, ఏం చేశారో రాసి ఉంచాలి.

రంజాన్‌లో చందాల కోసం వేసే పోస్టర్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. మంచం మీద ఉన్న పేద పిల్లాడి ఫొటో వేస్తే చందా ఎక్కువ రావచ్చు. కానీ ఉచితంగా వైద్యం చేయించుకుంటున్న తల్లి "వద్దు" అనగలదా? ఆమె అవునన్నా, అది నిజమైన సమ్మతేనా? ఆ పిల్లాడు రేపు బడికెళ్తాడు. ముఖం కనిపించకుండా కూడా ఆసుపత్రి సేవ గురించి చెప్పవచ్చు. ఎన్ని డయాలసిస్‌లు జరిగాయి, ఎన్ని కాన్పులు జరిగాయి, దేనికి ఎంత ఖర్చయింది అన్న లెక్కలే చాలు.

చందా ఇచ్చినవాళ్లు ఆసుపత్రిని ట్రస్టీల చేతిలో అమానత్‌గా పెట్టారు. రోగి తన ప్రాణంతో పాటు తన పరువును కూడా అక్కడే పెట్టాడు. మైక్ ముందు నోరు తెరిచేముందు ట్రస్టీ ఈ రెండూ గుర్తు చేసుకోవాలి. ఆ తర్వాత వేయాల్సిన మొదటి అడుగు గేటు వైపు కాదు, ఆ కుటుంబం కూర్చున్న గది వైపు.