పాత చైన్ రంపపు పరీక్ష

రాయవేలూరు, గుడియాత్తము ప్రాంతములలో పాత ఇనుపసామాను అమ్మువారి దుకాణముల ముందు, తుప్పుపట్టిన పంపుసెట్టుల నడుమ, రంగు వెలిసిన చైన్ రంపమొకటి కనబడుట అరుదు కాదు. కొబ్బరితోటయు, గట్టున నాలుగు చింతచెట్లును గల రైతు అక్కడ ఆగి ధర యడిగినచో, “పెట్రోలు పోస్తే స్టార్టయితాదన్నా” అని దుకాణదారు తప్పక పలుకును. అది అబద్ధమే కానక్కరలేదు. కాని ఒకమారు స్టార్టయిన యంత్రము సాయంకాలము వరకు చింతమాను కోయగలదని హామీ యేమియు లేదు గనుక, ధరనుబట్టి గాని, రంగునుబట్టి గాని, పైనున్న కంపెనీ పేరునుబట్టి గాని నిశ్చయింపక, లోపలి పిస్టను ముఖము చూచి నిశ్చయింపవలెనని నా అభిప్రాయము.

ఈ యంత్రపు వంశచరిత్ర విచిత్రమైనది. 1830 ప్రాంతమున జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనె అను వైద్యపరికరముల నిర్మాత, ఎముకలు కోయుటకై, పిడి త్రిప్పిన కొలది గొలుసు తిరుగునట్టి చిన్న రంపమును నిర్మించెను. అడవిలోనికి ఆ ఊహ చేరుటకు దాదాపు నూరేండ్లు పట్టినది: ఆండ్రియాస్ ష్టీల్ 1926లో విద్యుత్తుతోను, 1929లో పెట్రోలుతోను నడుచు రంపములను వెలువరించినాడు గాని, అవి ఇద్దరు పట్టి మోయవలసినంత బరువువి. అటుపిమ్మట అమెరికాలోని ఆరెగాన్ ప్రాంతమున జోసెఫ్ కాక్స్ అను కట్టెకోతగాడు, మ్రానును తొలుచు పురుగు తన దవడలతో కుడియెడమలకు చెక్కుకొనిపోవు తీరును పరిశీలించి, 1947 నాటికి అదే పద్ధతిని చైను పండ్లకు కల్పించెను.

పరీక్షకు వత్తము. సైలెన్సరును పట్టియుంచు కొద్దిపాటి బోల్టులను విప్పి, దానిని తీసి, పొగ వెడలు రంధ్రములోనికి టార్చి వేసి, స్టార్టరు త్రాడును మెల్లగా లాగుచు పిస్టను పైకి క్రిందికి కదలుట చూడవలెను. దాని ప్రక్కభాగమున తయారైననాటి సన్నని అడ్డగీతలు ఇంకను చెరగకుండినచో, పైనెంత మురికి పట్టినను ఆ రంపము కొనదగినదే. నిలువుగీతలు కనబడినచో, కార్బ్యురేటరును సైతము విప్పి, అవి ఏ వైపున నున్నవో విచారింపవలెను. పొగ వెడలు వైపు మాత్రమే గీతలున్నచో, పెట్రోలులో ఆయిలు చాలకయో, ఎక్కడనో గాలి దొంగతనముగా చొరబడి మిశ్రమము పలుచనగుటచేతనో, పిస్టను వేడెక్కి పట్టివేసినదని యర్థము. గాలి లోనికి వచ్చు వైపు గీతలున్నచో, చినిగిన ఫిల్టరు గుండ పొట్టును దుమ్మును లోనికి పోయినవని యర్థము. ఈ భేదమెరుగని మెకానిక్కు క్రొత్త పిస్టను వేసి పంపును. చెరచిన కారణము, ముఖ్యముగా క్రాంకు షాఫ్టునకు ఇరువైపుల ఎండి పగిలిన సీళ్ళు, అట్లే యుండుటచేత క్రొత్తదియు పాతదాని గతినే పొందును. సిలిండరు గోడకు అంటినది పిస్టను అల్యూమినియము మాత్రమే యైనచో, హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో జాగ్రత్తగా తొలగించి సిలిండరును దక్కించుకొనవచ్చును. లోపలి పూతయే పెచ్చులూడినచో, సిలిండరు మార్చుటకు సిద్ధపడనివారు అక్కడనే బేరము మానుకొనుట మేలు.

తక్కిన పరీక్షలు సులభములు. ఫ్లైవీలును పట్టి ఊపినచో వదులుగా కదలరాదు. కంప్రెషన్ గేజి దొరకినచో 150 పౌండ్ల దరిదాపు మంచిది, 100కు దిగువనైనచో రింగులు గాని సిలిండరు గాని అరిగిపోయినవనుకొనవలెను. పెట్రోలు గొట్టములు, కార్బ్యురేటరు లోపలి డయాఫ్రములు మొదలగు రబ్బరు సామగ్రి యెట్లును మార్చవలసినదే. నేడు మన బంకులలో దొరకు పెట్రోలున 20 శాతము ఇథనాలు కలియుచుండుటచేత, పాతకాలపు రబ్బరునకు అది పడదు, తడినికూడ పీల్చుకొనును. అందుచేత నెలలతరబడి మూలనుంచునప్పుడు ట్యాంకు ఖాళీ చేయవలెను. పాత రంపములు పెక్కింటికి లీటరునకు 40 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ ఆయిలు కలుపు కాలమది; నేటి మేలురకపు ఆయిలుకు 20 మిల్లీలీటర్లు చాలునని డబ్బాపైన వ్రాసియున్నను, పాతదాని విషయమున పిసినారితనము పనికిరాదు.

విడిభాగముల మాట వేరు. 105 సీసీ తరగతికి చెందిన ష్టీల్ 070 వంటి పాత బరువు రంపములకు చైనాలో నకళ్ళు విరివిగా తయారగుచుండుటచేత భాగములు దొరకును. కాని ఆ కారణముచేతనే దుకాణమున నున్న రంపము అసలుదో, నకలుదో, సగము సగమో తెలిసికొనుట కష్టము.

అన్నియు బాగున్నను నన్ను వెనుకకు లాగునది ఒకటి యున్నది. బారు కొనపై భాగము మ్రానుకు తగిలినప్పుడు రంపము ఒక్కసారిగా పైకెగిరి పట్టినవాని ముఖముపైకి వచ్చును. ఆ క్షణమున చైనును ఆపు బ్రేకు 1970ల దశకము నుండి గాని వ్యాప్తిలోనికి రాలేదు, పాత బరువు రంపములు చాలవాటికి అది లేనే లేదు. కుష్ఠరోగులకు మొద్దువారి వంగిపోయిన వ్రేళ్ళను స్నాయువులు మార్చి మరల పనిలోనికి తెచ్చు శస్త్రచికిత్సను 1940ల చివర పాల్ బ్రాండ్ అను వైద్యుడు ఆరంభించినది ఈ రాయవేలూరు ఆసుపత్రిలోనే. చేయి పోయినవాని జీవనము ఏమగునో ఈ ఊరు ఎరుగును. అందుచేత బ్రేకులేని రంపమును యజమాని ముచ్చటకై బాగు చేయించుకొని, నేలపై కదలకుండ పడియున్న దుంగలను తానే కోసికొనవచ్చును గాని, దినకూలికి వచ్చిన మనిషి చేతికిచ్చి చెట్టెక్కించుట న్యాయము కాదు.

ఏ పనికి కావలెనన్నది కూడ చూచుకొనవలెను. సర్కారు తుమ్మ మొదళ్ళ దగ్గర మట్టియే ఎక్కువ, కొబ్బరి మాను పైపొర గట్టిది. రెండును చైను పండ్లను గంటల్లో మొద్దుబరచునవే. వీటికి పెద్ద పాత రంపముకన్న, బ్రేకుగల చిన్న క్రొత్తదియు, దానితోపాటు ఆకురాయి పట్టుటలో ఆరితేరిన చేయియు లాభకరములు. ఇక ఎర్రచందనపు అడవులు అంత దూరమున లేని ఈ ప్రాంతమున, రంపమును బండిపై వేసికొని రాత్రివేళ తిరుగుట ఏ పనికైనను మంచిది కాదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము నేరపు కలపతోపాటు పనిముట్లను సైతము స్వాధీనపరచుకొను అధికారము నిచ్చుచున్నది.