రాత్రి పని నడుస్తోందా, ఆగిపోయిందా?

గుజరాత్‌లోని సూరత్‌కు వరంగల్ ప్రాంతం నుంచి నేత కుటుంబాలు దశాబ్దాలుగా వలస వెళ్తున్నాయి. ఆ నగరంలోని ఉధ్నాలో మరమగ్గం నడిపే ఒక కార్మికుడు, కూలి అందిన సాయంత్రం నెఫ్ట్ ద్వారా ఇంటికి డబ్బు పంపాడనుకుందాం. అతని ఖాతాలో సొమ్ము తగ్గింది. ఇంటి దగ్గర మాత్రం ఇంకా జమ కాలేదు. మరి ఆ డబ్బు ఎక్కడుంది?

అది తన వంతు కోసం ఎదురుచూస్తోంది. నెఫ్ట్‌లో చెల్లింపులు విడివిడిగా పరిష్కారం కావు. అరగంటలో వచ్చినవన్నీ ఒక బ్యాచ్‌గా, అంటే కట్టగా చేరతాయి. 2019 డిసెంబరు 16 నుంచి సెలవులతో నిమిత్తం లేకుండా రోజుకు 48 బ్యాచ్‌లు నడుస్తున్నాయి. బ్యాచ్ పరిష్కారమైన రెండు గంటల్లోగా సొమ్ము ఖాతాలో పడాలన్నది నియమం.

ఇలా పనులను పోగుచేసి, మధ్యలో మనిషి చేయి పడకుండా వరుసగా చేయించడమే బ్యాచ్ ప్రాసెసింగ్. వడ్డీ లెక్కలు, జీతాల జమ వంటివి ఇలాగే జరుగుతాయి. ప్రపంచంలోని పెద్ద బ్యాంకులు చాలావరకు ఇందుకు మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లను వాడుతున్నాయి. అక్కడ ఒక్కో పనిని ‘జాబ్’ అంటారు. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఆపరేటర్‌కు తరచూ ఎదురయ్యే ప్రశ్న: ఈ జాబ్ ఇప్పుడు నడుస్తోందా?

జవాబు తప్పితే నష్టమే. నడుస్తున్న జాబ్‌ను ఆగిందనుకుని మళ్లీ మొదలుపెడితే ఒకే జమ రెండుసార్లు పడవచ్చు. ఆగినదాన్ని నడుస్తోందనుకుని వదిలేస్తే, దాని వెనుక ఉన్న జాబ్‌లన్నీ నిలిచిపోతాయి.

పేరు కనిపిస్తే చాలదు

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో జాబ్‌లను స్వీకరించి, వరుసలో నిలిపే వ్యవస్థల్లో ఒకటి జెస్2. దీని మూలం 1960ల్లో హ్యూస్టన్‌లోని నాసా కేంద్రం కోసం రూపొందిన ‘హాస్ప్’ అనే ప్రోగ్రామ్. అందుకే జెస్2 సందేశాల సంఖ్యల ముందు నేటికీ ఆ పేరే ఉంటుంది. జాబ్ మొదలైనప్పుడు హాస్ప్ 373, ముగిసినప్పుడు హాస్ప్ 395 నమోదవుతాయి. మొదటిది ఉండి రెండోది లేకపోతే, జాబ్ ఇంకా ముగియలేదని ప్రాథమికంగా అనుకోవచ్చు.

అయితే జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన అది నడుస్తున్నట్టు కాదు. జాబ్ ఇంకా వరుసలోనే ఉండవచ్చు. లేదా పని ముగిసి, దాని ఫలితాల నివేదిక మాత్రమే మిగిలి ఉండవచ్చు. అదే పేరుతో నిన్న నడిచిన జాబ్ కూడా అక్కడే కనిపించవచ్చు. కాబట్టి పేరుతో పాటు జాబ్ సంఖ్యను, అది ఏ దశలో ఉందో కూడా చూడాలి.

రెండుసార్లు చూడాలి

మరమగ్గం సంగతే తీసుకుందాం. హాజరు పట్టీలో కార్మికుడి పేరు ఉంది, షెడ్డులో దీపం వెలుగుతోంది. అంతమాత్రాన నేత సాగుతున్నట్టా? కాసేపాగి మళ్లీ చూస్తే చుట్టిన గుడ్డ పెరిగి ఉండాలి. పేక తెగి మగ్గం ఆగితే గుడ్డ పెరగదు.

మెయిన్‌ఫ్రేమ్‌లో ఆ గుడ్డ కొలత లాంటివి రెండు అంకెలు. జాబ్ ఎంతసేపు ప్రాసెసర్‌ను వాడుకుందన్నది ఒకటి, ఎన్నిసార్లు డిస్కు లేదా టేపుతో సమాచారం ఇచ్చిపుచ్చుకుందన్నది మరొకటి. ఎస్‌డీఎస్‌ఎఫ్ అనే సాధనం వీటిని తెరపై చూపుతుంది. రెండూ పెరుగుతుంటే సాధారణంగా పని సాగుతున్నట్టే. రెండూ కదలకపోతే జాబ్ దేనికోసమో ఆగి ఉంది. బహుశా దానికి కావలసిన ఫైలు మరో జాబ్ చేతిలో ఉంది. ప్రాసెసర్ సమయం మాత్రమే పెరుగుతూ రెండో అంకె కదలకపోతే, ప్రోగ్రామ్ ఒకే చోట గిరగిరా తిరుగుతోందేమోనని అనుమానించాలి. పెద్ద లెక్క చేస్తూ ఉండే అవకాశమూ ఉంది కాబట్టి, గత రాత్రుల్లో పట్టిన సమయంతో పోల్చుకున్నాకే నిర్ణయం తీసుకోవాలి.

చూసిన క్షణానికే ఆ జవాబు

ఇంత జాగ్రత్తగా చూసినా మరో చిక్కు ఉంది. తెరపై కనిపించేది ఫొటో లాంటిది. ‘నడవడం లేదు’ అని చూసి, కొత్త జాబ్‌ను పంపేలోపే మరొకరు దాన్ని మొదలుపెట్టి ఉండవచ్చు. అందుకే కీలకమైన చోట్ల మనిషి చూపును నమ్ముకోరు, తాళం వేస్తారు. జాబ్ మొదలవుతూనే తనకు కావలసిన ఫైలును తన ఒక్కదాని వాడకానికే పట్టుకుంటుంది. అదే ఫైలు కోసం వచ్చిన రెండో జాబ్ బయటే ఆగుతుంది. ఒకే పేరున్న రెండు జాబ్‌లను ఏకకాలంలో నడవనివ్వకపోవడం జెస్2లో మామూలు ఏర్పాటు.

బ్యాచ్ క్రమం తప్పితే ఏమవుతుందో 2012 జూన్‌లో బ్రిటన్ చూసింది. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ గ్రూపులో జాబ్‌ల క్రమాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మార్పు బెడిసికొట్టింది. ఆ దేశంలో 65 లక్షల మందికి పైగా ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. నియంత్రణ సంస్థలు 2014 నవంబరులో గ్రూపుపై మొత్తం 5.6 కోట్ల పౌండ్ల జరిమానా విధించాయి.

కంప్యూటర్ ఏ రకమైనదైనా సూత్రం ఒకటే: పేరు కాదు, కదలిక చూడాలి, ఒకసారి కాదు, రెండుసార్లు చూడాలి, మళ్లీ మొదలుపెట్టే ముందు తాళం ఉందో లేదో తేల్చుకోవాలి. ఉధ్నాలో పంపిన కూలి డబ్బు ఇంటికి ఒక్కసారే, పూర్తిగా చేరడం ఇలాంటి జాగ్రత్తల మీదే ఆధారపడి ఉంది.