పుండు మానాక మూత్రం రంగు మారితే

కాళ్ల మీద గజ్జి, గోకి గోకి చీము పట్టిన పొక్కులు. కొన్నాళ్లకు మానిపోతాయి, ఇంట్లోవాళ్లు మరిచిపోతారు. ఆ తర్వాత ఒక పొద్దున పిల్లవాడు ఉబ్బిన ముఖంతో లేస్తాడు. మూత్రం డికాషన్ రంగులో వస్తుంది.

దీనికి మూలం గ్రూప్ ఎ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా. దాన్ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసిన యాంటీబాడీలు బాక్టీరియా ప్రొటీన్లతో ముడిపడి, కిడ్నీల్లో రక్తాన్ని వడగట్టే గ్లొమెరులస్‌లలో పేరుకుంటాయి. అక్కడ వాపు మొదలై వడపోత దెబ్బతింటుంది, రక్తం మూత్రంలోకి జారుతుంది. గొంతు నొప్పి తర్వాత ఇది 1 నుంచి 3 వారాలకు, చర్మపు పుండ్ల తర్వాత 3 నుంచి 6 వారాలకు బయటపడుతుంది. అంత ఎడం వల్లే ఏ తల్లికీ రెంటికీ సంబంధం తట్టదు.

సింగపూర్ పిల్లల ఆసుపత్రులకు ఒకప్పుడు ఈ జబ్బు బాగా తెలుసు. పిల్లల కిడ్నీ వైద్యురాలు యాప్ హుయి కిమ్, ఆమె సహచరులు 1971 నుంచి 1985 దాకా వచ్చిన కేసులను పరిశీలించి 1990లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. కేసులు బాగా తగ్గాయి. జీవన స్థాయి, వైద్య సదుపాయాలు మెరుగుపడటమే కారణమని వారి అభిప్రాయం.

ఆ ఏళ్లలో ఊరి రూపే మారిపోయింది. 1960లో ఏర్పడిన గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ, కంపాంగ్ అనే పల్లె బస్తీల గుడిసెల్లోని కుటుంబాలను కుళాయి నీళ్లు, మరుగుదొడ్లు ఉన్న ఫ్లాట్లలోకి చేర్చింది. 1985 నాటికి జనాభాలో 10 మందికి 8 మంది అక్కడే ఉన్నారు. గజ్జికీ చీము పొక్కులకూ ఇరుకు, నీళ్ల కరువే బలం. వైద్యంతో పాటు ఇల్లూ నీళ్లూ కూడా పిల్లల కిడ్నీలను కాపాడి ఉండవచ్చు. ఉత్తర ఆస్ట్రేలియాలో, ఇరుకు ఇళ్లలో బతికే ఆదివాసీ పిల్లల్లో ఇదే జబ్బు నేటికీ విడతలు విడతలుగా విరుచుకుపడుతోంది.

చాలామంది పిల్లలు కొన్ని వారాల్లో కోలుకుంటారు. ప్రమాదమంతా ఆ మధ్యకాలంలోనే. బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు, ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, కొందరికి డయాలిసిస్ అవసరమవుతుంది. అందుకే ఉప్పు తగ్గిస్తారు, నీరు తీసే మందులిస్తారు, బీపీ పదేపదే చూస్తారు. రక్తంలో సీ3 అనే ప్రొటీన్ పడిపోవడం డాక్టర్లకు ఒక గట్టి ఆనవాలు. అది 6 నుంచి 8 వారాల్లో మామూలు స్థాయికి రాకపోతే వేరే కిడ్నీ జబ్బేమోనని వెతుకుతారు.

గజ్జి ఒక్కరికి వస్తే ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు రాయాలి. ముఖం ఉబ్బి మూత్రం ఎర్రబడితే, పుండు ఎప్పుడో మానిపోయినా సరే, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.