రబ్బరు ట్యూబులు: ఎన్నిక, వాడుక, జాగ్రత్తలు

కొల్లేటి ప్రాంతము నీటి సీమ. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలగునవి కొల్లేటిలో కలియుచుండగా, ఆ నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతమును చేరుచున్నది. గోదావరి నీటిని గొనివచ్చు ఏలూరు కాలువ విజ్జేశ్వరమున బయలుదేరి నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరునకు వచ్చుచున్నది. ఇట్టి సీమలో లారీ ట్యూబు చక్రమునకే పరిమితమై యుండుట లేదు. పిల్లలు దానితో ఈదులాడుదురు. వల వేయువారు, గుర్రపుడెక్క తీయువారు దానిని ఆధారముగా గొందురు. వరద దినములలో సామానులు దాటించుటకును అది అక్కరకు వచ్చును. ధర స్వల్పము, ప్రయోజనము అధికము. అయినను ట్యూబు మంచి పనిముట్టేగాని ప్రాణరక్షణ కవచము కాదు. ఈ భేదమును ప్రతి పంచాయతీ సభ్యుడును గ్రహించి ఇతరులకు తెలుపవలెనని మా మనవి.

అపాయము ఎచ్చట నున్నది?

గాలి నింపిన లారీ ట్యూబు లావు 25 సెంటీమీటర్లు, వలయపు సగటు వెడల్పు 75 సెంటీమీటర్లు అనుకొందము. అందు సుమారు 115 లీటర్ల గాలి పట్టును. అనగా పూర్తిగా మునుగుటకు ముందు అది తన బరువుతో కలిపి ఇంచుమించు 115 కిలోల బరువును మోయగలదు. మెడవరకు నీటిలో నున్న మనిషికి కావలసిన ఆధారము కొద్ది కిలోలు మాత్రమే. కనుక ట్యూబు మోయలేకపోవుట అరుదు. దానిపై నున్నవాడు జారుట, అది తలక్రిందులగుట, గాలికో ప్రవాహమునకో కొట్టుకొనిపోవుట, ఇవియే అసలు అపాయములు. చిన్న పిల్లవాడు నడిమి రంధ్రము గుండా జారిపోవును. స్పృహ తప్పినవాని ముఖమును ట్యూబు నీటిపై నిలుపజాలదు. ఆ పని లైఫ్ జాకెట్టు మాత్రమే చేయగలదు.

ఎన్నిక

1937లో అమెరికాలో కనుగొనబడిన బ్యూటైల్ రబ్బరు సహజ రబ్బరుకంటె గాలిని చాల కాలము నిలుపును. దొరికినచో అట్టి ట్యూబునే కొనవలెను. పాత ట్యూబును కొనునప్పుడు చేతులతో సాగదీసి చూడవలెను. సన్నని పగుళ్లు కనబడినను, వాల్వు మొదట రబ్బరు విడిచినను, అతుకులు పెక్కులున్నను దానిని విడిచిపెట్టవలెను. మంచిదని తోచినదానిని గాలి నింపి నీటిలో త్రిప్పి బుడగలు వచ్చునేమో పరిశీలించి, ఒక రాత్రియు పగలును ఉంచి మరల చూడవలెను. లారీ ట్యూబు వాల్వు పొడవైన లోహపు గొట్టము. అది కంటికి, కడుపునకు గ్రుచ్చుకొనకుండ గుడ్డతో దళసరిగా చుట్టి కట్టవలెను.

గాలి నింపుట

లారీ టైరులో చదరపు అంగుళమునకు సుమారు 100 పౌండ్ల ఒత్తిడి యుండును. ఆ ఒత్తిడిని ఆపునది టైరేగాని ట్యూబు కాదు. టైరు లేని ట్యూబు అందులో అత్యల్ప భాగమునకే ఉబ్బి చిట్లిపోవును. కావున చేతిపంపుతో నింపుట మేలు. ముడుతలు పోయి గుండ్రముగా వచ్చి, బొటనవ్రేలితో నొక్కిన లోనికి దిగునంత చాలును. ఉదయము బిగువుగా నింపినది మధ్యాహ్నపు ఎండకు మరింత ఉబ్బునని మరువరాదు.

పనిలోను, ఈతలోను

నాలుగు ట్యూబులపై వెదురు చట్రము బిగించినచో గడ్డిమోపులు, మేత బస్తాలు దాటించుటకు చక్కని తెప్ప యగును. లెక్కకు వచ్చిన బరువులో సగమునకు మించి వేయరాదు. వరద ప్రవాహమున దానిపై మనుష్యులను ఎక్కింపరాదు. కిక్కిస మోళ్లు, తుమ్మముండ్లు, నత్తగుల్లలు ట్యూబునకు శత్రువులు. గాలియంత్రములు తిరుగు చేపల, రొయ్యల చెరువులలో విద్యుత్తు ఆపినగాని ఎవరును దిగరాదు.

ఈత రానివాడు ట్యూబును నమ్మి లోతునకు పోరాదు. పిల్లలు దిగినప్పుడు ఈత వచ్చిన పెద్దవాడొకడు చేతికందునంత దూరమున నుండవలెను. లాకులు, తూములు, వంతెనల దాపున ఈదులాట నిషేధింపవలెను. అచ్చటి నీరు ట్యూబును మనిషితో సహా లోనికి లాగును. ప్రవాహమున ట్యూబునకు నడుమును త్రాడుతో కట్టుకొనుట ప్రాణాంతకము.

రేవునకొక ట్యూబు

పంచాయతీలు సులభముగ చేయదగిన మేలొకటి కలదు. ప్రతి స్నానపు రేవునను నీడపట్టున నొక స్తంభమునకు ట్యూబును, నీటిపై తేలు 15 మీటర్ల ప్లాస్టిక్ త్రాడును కట్టి ఉంచవలెను. లారీ ట్యూబు బరువు, దూరము విసరుట కష్టము. జీపు ట్యూబుగాని, ట్రాక్టరు ముందు చక్రపు ట్యూబుగాని ఇందుకు అనువు. నిధులున్నచో లైఫ్ బాయ్ కొనుట ఇంకను ఉత్తమము. మునుగువానికి కొంచెము ఆవలగా విసరి, త్రాడు అతని చేతికి చిక్కునట్లు లాగవలెను. విసరువాడు గట్టుననే యుండవలెను. తొందరపడి దూకినచో ఒకరికి బదులు ఇద్దరు మునుగుదురు. గట్టు చేర్చినవానికి ఊపిరి లేనిచో కడుపు నొక్కి నీరు కక్కించుటలో కాలము పుచ్చరాదు. నేర్చినవారు వెంటనే నోటితో ఊపిరి నూది, రొమ్ము నొక్కుట ప్రారంభింపవలెను. వేరొకరు 108కి ఫోను చేయవలెను.

ఈ ట్యూబును నెలకొకసారి పరీక్షించి తేదీని పుస్తకమున వ్రాయు బాధ్యత ఒక సభ్యునికి అప్పగింపవలెను. గాలి లేని ట్యూబు స్తంభమున వ్రేలాడుట అసలు లేకుండుటకంటె కీడు. ఏలయన, జనులు దానిని నమ్ముదురు.

నిలువ, పారవేత

ఎండ, డీజిలు, కిరసనాయిలు, ఎలుకలు రబ్బరును చెరచును. వాడని ట్యూబును సగము గాలి తీసి, సుద్దపొడి చల్లి, నీడను ఉంచవలెను. చెడినదానిని కాల్చినచో విషపు పొగ వచ్చును. బయట పడవేసినచో వాననీరు నిలిచి దోమలు పెరుగును. 2002లో రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ గుర్తింపు పొందిన కొల్లేటిలోగాని, కాలువలోగాని పారవేయుట తగదు. పట్టీలుగా కోసి మోపులు కట్టుటకు వాడుకొనవచ్చును, మిగిలినది పాత రబ్బరు కొనువారికి ఈయవచ్చును.

వచ్చు వేసవిలో కాలువలు కట్టిన దినములలోనే పంచాయతీ ఈ విషయమును చర్చించి తీర్మానించినచో, జూన్ మాసమున నీరు వదలు నాటికి ప్రతి రేవును సిద్ధమై యుండును. ఒక ట్యూబు, ఒక త్రాడు, వానిని చూచుకొను ఒక మనిషి ఉన్నచో గ్రామములోని ఒక బిడ్డ ప్రాణము నిలువవచ్చును.