2147483647: నా కోడ్‌ని ముంచిన ప్రైమ్ నంబర్

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క నంబర్ గురించి: 2,14,74,83,647.

నా ఫస్ట్ జాబ్‌లో ఒకరోజు పొద్దున్నే రిపోర్ట్ ఓపెన్ చేస్తే, టోటల్ కలెక్షన్ మైనస్ రెండు కోట్ల పద్నాలుగు లక్షలు అని ఉంది. గుండె ఆగినంత పనైంది. డబ్బులు ఎవరూ కొట్టేయలేదు. అమౌంట్‌ని పైసల్లో, 32 బిట్ల ఇంటీజర్‌లో పెట్టాం. అందులో ఒక బిట్ ప్లస్సా మైనస్సా చెప్పడానికే పోతుంది. మిగతా 31 బిట్లూ 1 అయితే వచ్చేదే ఈ నంబర్, అంటే 2 పవర్ 31 మైనస్ 1. రూపాయల్లో 2,14,74,836.47. ఇంకొక్క పైసా కలిపితే సీదా మైనస్‌లోకి పడిపోద్ది. ఆ కోడ్ రాసింది ఎవరో కాదు, నేనే.

బగ్ సరిచేశాక తెలిసింది, ఇది ప్రైమ్ నంబర్ కూడా అని. "31 ప్రైమ్ కదా, అందుకే" అనుకోకండి. 11 కూడా ప్రైమే. కానీ 2 పవర్ 11 మైనస్ 1 అంటే 2047, అది 23 ఇంటూ 89. కాబట్టి ప్రూవ్ చేయాల్సిందే.

1772లో ఆయిలర్ ప్రూవ్ చేశాడు. అప్పటికి ఆయనకి చూపు దాదాపు పోయింది. మామూలు పద్ధతిలో అయితే స్క్వేర్ రూట్ దాకా, అంటే 46,340 లోపు ఉన్న 4,792 ప్రైమ్స్‌తో భాగించి చూడాలి. ఆయన షార్ట్‌కట్ చూడండి.

ఈ నంబర్‌ని p అనే ప్రైమ్ భాగిస్తుంది అనుకుందాం. 2ని 2తో గుణిస్తూ పోయి, ప్రతిసారీ p తో భాగించి శేషం రాయండి. 31వ స్టెప్‌లో 1 వస్తుంది. 31 ప్రైమ్ కాబట్టి అంతకుముందు రాదు. ఫెర్మా రూల్ ప్రకారం p మైనస్ 1వ స్టెప్‌లోనూ 1 రావాలి. అంటే p మైనస్ 1 కచ్చితంగా 31 ఎక్కంలో ఉండాలి. p బేసి సంఖ్య కాబట్టి 62 ఎక్కంలో ఉండాలి. దీనికి తోడు, p ని 8తో భాగిస్తే శేషం 1 లేదా 7 మాత్రమే రావాలని ఇంకో రూల్ ఉంది. రెండూ కలిపితే, 248తో భాగించినప్పుడు 1 లేదా 63 మిగిలేవే చూడాలి. మొదటి ప్రైమ్ 311. మొత్తం లెక్కేసినా నాలుగు వందల లోపే. ఒక్కటీ భాగించలేదు. అంతే, ప్రైమ్!

ప్రైమ్ అయితే మనకేంటి లాభం? సున్నా కాకుండా, 2147483647 కంటే చిన్నదైన ఏదో ఒక నంబర్‌తో మొదలుపెట్టి, 16,807తో గుణించి, 2147483647తో భాగించి శేషం తీసుకోండి. ఆ శేషంతో మళ్లీ అదే చేయండి. ఒక్కటి కూడా రిపీట్ కాకుండా 2,14,74,83,646 నంబర్లు వచ్చాకే మొదటిది తిరిగొస్తుంది. ర్యాండమ్ నంబర్లకి ఈ పద్ధతి చాలాకాలంగా వాడుతున్నారు.

లాస్ట్ మాట. 1970 జనవరి 1 నుంచి సెకన్లని 32 బిట్లలో లెక్కపెట్టే పాత సిస్టమ్స్ ఇంకా ఉన్నాయి. 2038 జనవరి 19, మన టైమ్ ఉదయం 8:44:07కి ఆ లెక్క సరిగ్గా ఈ నంబర్ దగ్గరికి వస్తుంది. తర్వాతి సెకనులో నా రిపోర్ట్‌కి పట్టిన గతే. కోడ్ రాసేవాళ్లు ఈ రోజే ఒకసారి చెక్ చేసుకోండి. ఉంటా మరి, బై.